ముంగిసలంకలో పది కర్రలు

ఆ శనివారానికి పాండురంగారావు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్న ఆరింటికి ఏలూరులో బయల్దేరాలి, ఏడున్నరకల్లా కొల్లేటి మధ్యనున్న ముంగిసలంక చేరాలి, అక్కడ పదిచోట్ల పది కర్రలు పాతాలి, ఎండ ఎక్కాక ఒక్కో కర్ర దగ్గరా పది నిమిషాలు కదలకుండా నిలబడి చుట్టూ ఎగిరే తూనీగల్ని లెక్కపెట్టాలి, నాలుగింటికి తిరుగు దోనె ఎక్కాలి. ఇందులో ఎవరికీ ఇబ్బంది కలిగించే విషయం ఒక్కటి కూడా లేదని ఆయన భార్యకి రెండుసార్లు చెప్పాడు. సత్యవేణి రెండుసార్లూ "చూద్దాం లెండి" అంది.

పాండురంగారావు తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీలో జువాలజీ లెక్చరరు. రోజూ ఏలూరు నుంచి రైల్లో వెళ్ళి రైల్లో వస్తాడు. పదకొండేళ్ళ కిందట ‘కొల్లేటి లంకల చిత్తడి నేలల్లో తూనీగల వైవిధ్యం’ అనే అంశం మీద పీహెచ్‌డీకి పేరు నమోదు చేసుకుని, స్టాఫ్ అందరికీ పూతరేకులు పంచాడు. ఆ తర్వాత చెప్పుకోదగ్గ విశేషం ఏదీ జరగలేదు. ఒక ఏడు వరదలు, ఒక ఏడు పరీక్షల డ్యూటీలు, ఒక ఏడు మోకాలి నొప్పి, ఒక ఏడు కొల్లేరే ఎండిపోయింది. ఈలోగా ఆయన దగ్గర బీఎస్సీ చదువుకున్న శ్రావ్య రొయ్యల రోగాల మీద డాక్టరేట్ పుచ్చుకుని, అదే కాలేజీలో చేరి, స్టాఫ్ రూములో ఆయన పక్క కుర్చీలో కూర్చుంది. ఆ పిల్ల మంచిదే, నోరారా ‘సార్’ అనే పిలుస్తుంది. కానీ అటెండరు ట్రే పట్టుకొచ్చి "డాక్టరుగారికో టీ, సారుకో టీ" అనేవాడు. ఆ తేడా పాండురంగారావుకి రోజూ పదకొండింటికి గుచ్చుకునేది.

ఇప్పుడు యూనివర్సిటీ నుంచి ఆఖరి ఉత్తరం వచ్చింది. నెలాఖరుకి థీసిస్ ఇవ్వకపోతే నమోదు రద్దు. అన్ని చాప్టర్లూ అయ్యాయి, నాలుగోది తప్ప. దానికి ఏదైనా ఒక లంకలో, ఒకే రోజున, ఎండలో, పదిచోట్ల లెక్క తీయాలి. ఆదివారం నుంచి అల్పపీడనం, వారం పాటు వానలు అని రేడియోలోనూ టీవీలోనూ ఫోన్లోనూ చెబుతున్నారు. అంటే ఉన్నది ఒక్క శనివారమే. ఆ ఒక్కరోజు చెడితే పదకొండేళ్ళూ నీళ్ళపాలు. 

సత్యవేణి హైస్కూల్లో లెక్కల టీచరు. పదకొండేళ్ళుగా ప్రతి సెలవకీ ఏదో ఒక కాలవగట్టు తప్ప మరో ఊరు చూసి ఎరగదు. "తూనీగలు నాకు సవతులు" అని చుట్టాలందరి దగ్గరా అంటుంది గానీ, కిందటేడు ఒక తూనీగని చూస్తూ వెనక్కి నడిచి భర్త తన ఫోనుతో సహా కాలవలో పడ్డప్పటి నుంచీ ఆయన్ని ఒంటరిగా పంపడం మానేసింది. జెండాల కోసం పాత ఎర్రచీర ఒకటి తీసి, స్కేలు పెట్టి కొలిచి, పది సమానమైన పీలికలు చించింది. వెదురుకర్రలకి తనే కట్టింది. ఒకటి నుంచి పది వరకూ పెయింటుతో అంకెలు వేసింది. పులిహోర డబ్బా సంచిలో పెట్టుకుని ముందు ఆవిడే గుమ్మం దిగింది.

కొల్లేటి ఒడ్డున ఆటో దిగేసరికి జోసెఫ్ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. జోసెఫ్ పాండురంగారావు పాత శిష్యుడు, ముంగిసలంక బళ్ళో మాస్టారు. తనే దగ్గరుండి ఊళ్ళో అందరికీ పరిచయం చేస్తానన్నవాడు. ఉన్నపళంగా ఏలూరులో ట్రైనింగుకి రమ్మన్నారట. దోనె మాట్లాడి పెట్టాననీ, లంకలో అందరూ మంచివాళ్ళేననీ, ఏ భయమూ లేదనీ చెప్పి, ట్రైనింగు హాల్లోకి వెళుతూ ఫోను ఆపేశాడు. అందరూ మంచివాళ్ళేనన్న మాటలో అబద్ధం లేదు. ఆ తర్వాత వచ్చిన చిక్కంతా వాళ్ళ మంచితనం వల్లే వచ్చింది.

కొల్లేటి లంకల్లో ఒక కొత్తమనిషి కర్రకి ఎర్రగుడ్డ కట్టి గట్టుమీద పాతితే దాని అర్థం ఏమిటో పాండురంగారావుకి తెలియదు. తూనీగల గురించి తెలిసినవాడికి మనుషుల గురించి కూడా తెలియాలని రూలేమీ లేదుగా. కాంటూరు, అంటే కొల్లేటి హద్దు, కొలిచే సర్కారువాళ్ళు సరిగ్గా అలాగే వస్తారు. కర్ర ఎవరి చెరువు గట్టుమీద పడితే వాడిది కొల్లేటిలోకి చొచ్చుకొచ్చిన చెరువన్నమాట. కొన్నాళ్ళకి పొక్లెయిన్ వస్తుంది, గట్టు తెగుతుంది, ఏడాదిపాటు మేత పోసి పెంచిన చేప పొద్దున్నకల్లా సరస్సులోకి వెళ్ళిపోతుంది. పాండురంగారావు అవేవీ తెలియక, నడవడానికి సుఖంగా ఉంది కదా అని చేపల చెరువుల గట్లన్నీ ఎంచుకుని, మొదటి కర్ర మధుబాబు గట్టుమీద దించాడు.

మధుబాబు పరుగున వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, తొమ్మిదెకరాల చెరువు, నోట్లో వేపపుల్ల. పుల్ల తీసి చేతులు కట్టుకున్నాడు.

"ఏవండీ, తవరెక్కణ్ణించండి?"

"తాడేపల్లిగూడెం కాలేజీ నుంచండి. తూనీగల్ని లెక్కపెడదామని వచ్చాం."

మధుబాబు ఆ మాటని గౌరవంగా విన్నాడు. "ఆయ్, అలాగేనండి. మూడేళ్ళ కిందట పిట్టల్ని లెక్కపెడతామని వచ్చారండి. మేవే కుర్చీలేశాం. పిట్టలు బానే ఉన్నాయని చెప్పి వెళ్ళారు. మూడు నెల్లకి పొక్లెయిన్లొచ్చినయ్."

అది వేరే శాఖ అయి ఉంటుందని పాండురంగారావు చెప్పాడు. అయ్యే ఉంటుందని మధుబాబు ఒప్పుకున్నాడు. తాను నిజంగా తూనీగల కోసమే వచ్చానని ఈయన మరోసారి చెప్పాడు. నిజమేనని మధుబాబు మరోసారి తలూపాడు. ఒక పెద్దమనిషి, పక్కన భార్య, పది కర్రలు, అట్ట, పెన్ను, మెడలో బైనాక్యులర్లు. ఇదంతా తూనీగల కోసమని చెబితే ముంగిసలంకలో మేక కూడా నమ్మదు. కానీ ఇంటికొచ్చిన మనిషి మొహమ్మీద ఆ మాట అనడం అక్కడ పద్ధతి కాదు.

తొమ్మిదింటికి పదో కర్ర కూడా పాతేశారు. అప్పుడు అబ్బాయిరాజు మోటారు సైకిలు మీద గట్టంట వచ్చి, చెప్పులు విప్పి నమస్కారం పెట్టాడు. ఉండి అనే ఊరి నుంచి వచ్చి ఈ లంకలో నలభై ఎకరాల చెరువులు లీజుకి చేస్తున్న ఆసామి. కర్రల్లో మూడు ఆయన గట్లమీదే పడ్డాయి. ఎండ ఇంకా ఎక్కలేదు కదా, ఒక్క గంట తన షెడ్డు దగ్గర విశ్రాంతి తీసుకోమని ప్రాధేయపడ్డాడు. అక్కడికి వెళ్ళేసరికి మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది, కొరమీను పులుసు ఉడుకుతోంది. దంపతులిద్దరూ చేప ముట్టరు. పాండురంగారావు ఆ సంగతి మెల్లగా చెప్పాడు.

అబ్బాయిరాజు మొహం పాలిపోయింది. కొల్లేటికి వచ్చి కొరమీను పులుసు వద్దన్న ఆఫీసరుని ఆయన తన సర్వీసులో చూడలేదు. చేప తినే ఆఫీసరుతో ఏదో ఒకటి మాట్లాడుకోవచ్చు, తినని వాడితో ఏం మాట్లాడతాం. గబగబా కొబ్బరిబొండాలు కొట్టించాడు. దంపతులు దాహంగా ఉండి చెరి రెండూ తాగారు. అబ్బాయిరాజు ప్రాణం కొంచెం కుదుటపడింది. ఈ బొండాల విషయం పావుగంటలో లంకంతా పాకింది.

ఆ గంటలో అవతల ఏం జరిగిందో పాండురంగారావుకి మధ్యాహ్నం దాకా తెలియలేదు గానీ, మనకి ఇప్పుడే తెలిస్తే నష్టం లేదు. ఎవరూ కర్రని విరవలేదు, నీళ్ళలో పారేయలేదు. సర్కారు కర్ర మీద చెయ్యి చేసుకునే మొరటు మనుషులు కారు వాళ్ళు. ఒక్కొక్కరూ తమ గట్టుమీది కర్రని మర్యాదగా పీకి, పక్కవాడి గట్టుమీద అంతే లోతున, అంతే నిటారుగా పాతి వచ్చారు. పక్కవాడు టిఫిను తిని బయటికి వచ్చి, రెండు కర్రలు చూసి, గుండె గుభేలుమని, రెండూ పీకి అవతలి గట్టుకి చేర్చాడు. అలా పది కర్రలూ, ఎవరి దగ్గరా పట్టుమని పది నిమిషాలు ఆగకుండా, లంక చుట్టూ ప్రయాణం మొదలుపెట్టాయి.

పదింటికి దంపతులు మొదటి కర్ర కోసం వస్తే అక్కడ మూడో నంబరు కర్ర ఉంది. పాండురంగారావు తానే పొరపాటున అలా పాతి ఉంటాననుకున్నాడు. సత్యవేణి తన భర్త ఎన్ని పొరపాట్లు చేయగలడో తెలిసినది కాబట్టి తనూ అలాగే అనుకుంది. ఫోనులో గుర్తుపెట్టుకున్న చోటు చూద్దామంటే, కాలవలో పడి లేచినప్పటి నుంచీ ఆ ఫోను వాళ్ళు భీమడోలులో ఉన్నట్టు చూపిస్తోంది. సరే, దొరికిన కర్ర దగ్గర లెక్క తీసేద్దాం అన్నాడాయన. ఏ గట్టో గుర్తుండటానికి సత్యవేణి అట్టమీది కాగితంలో గట్టుకి ఎదురుగా ఆసామి పేరు రాసింది, పక్కన లెక్క వేసింది. లెక్కల టీచరు ఏ అంకెనీ పేరు లేకుండా వదలదు.

పాండురంగారావు కర్ర పక్కన బొమ్మలా నిలబడి, పది నిమిషాల పాటు నీళ్ళకేసి, గట్టుకేసి, మళ్ళీ నీళ్ళకేసి చూశాడు. ఆయన వెనకాల మధుబాబు కూడా అలాగే నిలబడి, ఆయన ఎటు చూస్తే అటు చూస్తూ చెమటలు కక్కాడు. మధ్యలో ఒకసారి మెల్లగా చెవి దగ్గరికి వచ్చి, చూసేవారు చూడాల్సింది ఇక్కడ కాదనీ, అబ్బాయిరాజుగారి ఉత్తరపు గట్టు చూడమనీ, రెండేళ్ళలో రెండెకరాలు ముందుకు నడిచిందనీ చెప్పాడు. అబ్బాయిరాజు గట్టు దగ్గర అబ్బాయిరాజు మనిషి మధుబాబు గురించి అంతకంటే వివరంగా చెప్పాడు. సత్యవేణి ఎవరి మాటా కాదనకుండా తలూపుతూ గీతలు గీసుకుంటూ పోయింది.

నాలుగు చోట్లు అయ్యేసరికి పదకొండున్నర. మధుబాబు చెరువుకి గట్టంతా గడ్డీ గాదమూ ఉంది, మందులు చల్లడానికి బద్ధకం, కాబట్టి అక్కడ తూనీగలు పద్నాలుగు కనిపించాయి. ఇంకో ఇద్దరి గట్లమీద ఆరూ, తొమ్మిదీ. అబ్బాయిరాజు చెరువు శుభ్రానికి పెట్టింది పేరు, నెలకి రెండుసార్లు మందు పడుతుంది. అక్కడ కష్టం మీద మూడు తూనీగలు దొరికాయి. మంచినీళ్ళు అందించడానికి వచ్చిన ఒకావిడ సత్యవేణి భుజం మీదుగా కాగితంలోకి తొంగిచూసింది. మధుబాబు 14, అబ్బాయిరాజు 3. చెంబు అక్కడే పెట్టేసి వెళ్ళిపోయింది.

పావుగంటలో ముప్పైమంది గట్టుమీదికి వచ్చారు. తొమ్మిదెకరాల మధుబాబుకి ఆక్రమణ కింద పద్నాలుగెకరాలు రాశారు. నలభై ఎకరాల అబ్బాయిరాజుకి మూడెకరాలు రాశారు. నాలుగు కొబ్బరిబొండాలకి ముప్పై ఏడెకరాలు మాఫీ అయిపోయాయి. ఇంత అన్యాయం కొల్లేటిలో ఎన్నడూ జరగలేదు. అయినా ఎవరూ గొంతు పెంచలేదు. ముందు రెండు కుర్చీలు తెచ్చి వేశారు. ఎండ తగలకుండా గొడుగు పట్టారు. ఆ తర్వాత దంపతులు వచ్చిన దోనెని నలుగురు కలిసి నీళ్ళలోంచి లాగి గట్టెక్కించారు.

"మిమ్మల్నేవీ అనట్లేదండి," అన్నాడు మధుబాబు. "తవరు పెద్దవాళ్ళు. ఆ లెక్క ఒక్కటీ సరిచేసి వెళ్ళండి. అప్పటిదాకా దోనె కదలదండి."

పాండురంగారావు లేచి, అవి ఎకరాలు కావు తూనీగలని చెప్పాడు. జనం ఓర్పుగా విన్నారు. అప్పుడు సత్యవేణి నిలబడి, తరగతిలో మాట్లాడే గొంతుతో ఒక్కొక్కరే మాట్లాడమంది. ముప్పైమందీ ఆ గొంతు వినగానే ఎందుకో తెలియకుండానే గట్టుమీద కూర్చున్నారు. ఆవిడ కాగితం ఎత్తి, అనుమానం ఉంటే వినమని మధుబాబు లెక్క విడమరిచి చదివింది. ఎర్రవి ఎనిమిది, పసుపువి నాలుగు, నీలంవి రెండు. మొత్తం పద్నాలుగు. ఎకరాలకి రంగులుంటాయా అని అడిగింది.

ఉంటాయి. కిందటిసారి ఆఫీసులో గోడకి తగిలించిన మ్యాపులో ఎర్రరంగు ఎక్కడుందో పొక్లెయిన్ అక్కడికే వచ్చింది. ఎనిమిది ఎర్రవి అని వినగానే మధుబాబు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. సాయం చేద్దామని నోరు విప్పిన సత్యవేణి పరిస్థితిని మునుపటి కంటే చెడగొట్టి కూర్చుంది. జీవితంలో మొట్టమొదటిసారి ఆవిడ వేసిన లెక్క సరిగ్గా ఉండి కూడా ఎవరికీ నచ్చలేదు.

పాండురంగారావు వాచీ చూసుకున్నాడు. పన్నెండూ నలభై. తూర్పున మబ్బు మొదలైంది. నాలుగు చోట్లు అయ్యాయి, మిగతా ఆరు కర్రలు ఎక్కడున్నాయో దేవుడికే తెలియాలి, దోనె గట్టెక్కింది. ఇక అయిపోయింది అనిపించింది. ఏడుపు వచ్చినంత పనైంది. ఆయన కుర్చీలో కూర్చుని, ఆఫీసరులా కాకుండా, చుట్టం దగ్గర చెప్పుకున్నట్టు మొదలుపెట్టాడు. పదకొండేళ్ళ కిందట పంచిన పూతరేకుల గురించి చెప్పాడు. తన దగ్గర చదువుకున్న పిల్ల డాక్టరై పక్క కుర్చీలో కూర్చోవడం గురించి చెప్పాడు. రోజూ పదకొండింటికి వచ్చే టీల గురించి కూడా చెప్పాడు. ఈ మాట పెళ్ళాం దగ్గర కూడా ఎప్పుడూ అనలేదు.

"ఈరోజు లెక్క పూర్తికాకపోతే నా చదువు పోతుందండి," అన్నాడు చివరికి. "మీ చెరువులు నాకెందుకు చెప్పండి. నా దగ్గర పొక్లెయిన్ లేదు, సైకిలు కూడా లేదు. రైల్లో తిరిగేవాణ్ణి."

 సత్యవేణి భర్తకేసి చూసి, ఆ టీ సంగతి తనకెందుకు చెప్పలేదని అడగబోయి, తన కుర్చీ ఆయన పక్కకి జరుపుకుంది. ముంగిసలంక ఎందరో ఆఫీసర్లని చూసింది. అబద్ధాలు చెప్పినవాళ్ళని చూసింది. కానీ తన పరువు తనే తీసుకుంటూ అబద్ధం చెప్పే ఆఫీసరు ఉండడు కదా. ముందు అబ్బాయిరాజుకి జాలి వేసింది. ఆ తర్వాత అందరికీ సిగ్గు వేసింది.

"నా కర్రలెక్కడున్నాయండి?" అన్నాడు పాండురంగారావు.

మధుబాబు తల వంచుకుని, తను పక్కగట్టు మీద పెట్టానన్నాడు. పక్కగట్టు ఆసామి, తను వాటిని రాజుగారి గట్టు మీద పెట్టానన్నాడు. అబ్బాయిరాజు గొంతు సవరించుకుని, తన మనిషి అవతలకి చేర్చి ఉంటాడన్నాడు. లెక్క తీసేసిన నాలుగు కర్రలు కూడా ఆయన వెనక్కి తిరగ్గానే బయల్దేరిపోయాయట. ముప్పైమందీ లేచి, దంపతుల్ని ముందు నడిపించుకుంటూ గట్లంట బయల్దేరారు. ప్రతి గట్టు దగ్గరా గుంపులోంచి ఒక మనిషి ముందుకొచ్చి "ఇక్కడ నేనేనండి" అని ఒప్పుకుని మళ్ళీ గుంపులో కలిసేవాడు. అలా లంక చివరిదాకా వచ్చేశారు. అక్కడ గట్టు ఆగిపోయింది, దారి కూడా ఆగిపోయింది. పాపమ్మ ఇల్లు మాత్రం ఉంది.

పాపమ్మ భర్త పోయి పన్నెండేళ్ళు. ఆయన పోయిన మరుసటేడే వరదకి వాళ్ళ చెరువు గట్టు తెగింది. మళ్ళీ పోయించే దిక్కులేక ఆవిడ అలాగే వదిలేసింది. తెగిన చోటునుంచి కొల్లేరు లోపలికి వచ్చి, ఎక్కడికక్కడ తామరా కలువా అల్లుకుని, చుట్టూ కిక్కిస గడ్డి నిలువెత్తున పెరిగింది. తామరాకులూ పూలూ కోసి ఏలూరు పంపుకుంటూ ఆవిడ కాలక్షేపం చేస్తోంది. ఇప్పుడు ఆ మిగిలిన గట్టుముక్క మీద పది ఎర్రజెండాలు వరసగా రెపరెపలాడుతున్నాయి. వాటి మధ్య పాపమ్మ కొడవలి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఊరంతా ఆఫీసరుని వెంటబెట్టుకుని రావడం చూసి లేవకుండానే చేతులు జోడించింది.

"పొద్దుటి నుంచీ వచ్చి పాతుతానే ఉన్నారు బాబుగారూ," అంది. "నా అవతల నీళ్ళేనండి. ఇంకోళ్ళెవరన్నా ఉంటే నేనూ జరిపేదాన్ని."

 మధుబాబు కాలి బొటనవేలితో మట్టి గీకాడు. సత్యవేణి వెళ్ళి పాపమ్మ పక్కన గట్టుమీద కూర్చుని, ఒళ్ళోంచి కొడవలి తీసి పక్కన పెట్టి, ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఎవరూ ఏమీ తీసుకుపోరనీ, ఈయన తూనీగల పిచ్చాయన మాత్రమేననీ, తనకి పాతికేళ్ళుగా తెలుసుననీ చెప్పింది. పాపమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, నమ్మింది.

సరిగ్గా అప్పుడే పాండురంగారావు ఫోను మోగింది. యూనివర్సిటీ నుంచి, థీసిస్ రాయిస్తున్న గైడుగారు. కర్రలు ఎక్కడ పాతావని అడిగారు. పొద్దున్న చేపల చెరువుల గట్లమీద పాతాననీ, నాలుగుచోట్ల లెక్క తీశాననీ ఈయన చెప్పగానే ఆయన మండిపడ్డారు.

"చేపల చెరువు చిత్తడి నేల ఎలా అవుతుందయ్యా?" అన్నారాయన. "పదకొండేళ్ళ నుంచి నీకు చెబుతున్నది ఏంటి? నడవడానికి సుఖంగా ఉన్నచోట తూనీగలుండవు. ఆ నాలుగూ కొట్టెయ్. ఆ లంకలో అసలు కొల్లేరు ఎక్కడ మిగిలిందో వెతికి, పది కర్రలూ అక్కడ పాతు. ఎండ ఉండగానే. లేదా ఇంటికి వెళ్ళిపో."

పాండురంగారావు ఫోను పెట్టేసి తలెత్తాడు. ఎదురుగా తామరాకుల మీద, కిక్కిస చివళ్ళమీద, ఎర్రజెండాల మీద, పాపమ్మ ఇంటి తాటాకు చూరుమీద తూనీగలు. ఎర్రవి, పసుపువి, నీలంవి, నల్లని రెక్కలకి బంగారు మచ్చలున్నవి, సూదుల్లా సన్నగా ఉండి ఎగురుతున్నాయో లేదో తెలియనివి. గాలి నిండా అవే. లంకలో సహజంగా మిగిలిన చిత్తడి నేల ఇది ఒక్కటే. మ్యాపు లేకుండా, మీటింగు లేకుండా, ఊరు ఊరంతా కలిసి ఒక్క పూటలో పది కర్రల్నీ ఒకదాని వెనక ఒకటి మోసుకొచ్చి, ఎక్కడ పాతాలో సరిగ్గా అక్కడ పాతిపెట్టింది. ఏది చెరువో ఏది కొల్లేరో వాళ్ళందరికీ మొదటి నుంచీ తెలుసు. తెలియనిది తన ఒక్కడికే.

ఆ తర్వాత రెండు గంటలూ ముంగిసలంక చరిత్రలో ఎన్నడూ లేనంత క్రమశిక్షణతో గడిచాయి. సత్యవేణి అడుగులు కొలిచి కర్రల్ని దూరదూరంగా తామర చుట్టూ సర్దింది. లోపలి కర్రలు పాతడానికి గట్టెక్కించిన దోనెనే మధుబాబు మళ్ళీ నీళ్ళలోకి దించి తనే తోశాడు. అబ్బాయిరాజు పాండురంగారావు నెత్తిన గొడుగు పట్టబోతే, నీడ పడితే తూనీగలు పోతాయని చెప్పారు. అందుకని గొడుగు తన నెత్తినే పెట్టుకుని దూరంగా నిలబడ్డాడు. ముప్పైమందీ గట్టుమీద కిక్కురుమనకుండా కూర్చున్నారు. దగ్గు వచ్చినవాడు ఇంటి వెనక్కి వెళ్ళి దగ్గి వచ్చాడు. పాండురంగారావు కంటికి ఆననివి పాపమ్మ వేలుపెట్టి చూపించింది. ఏవి పొద్దున్న వస్తాయో, ఏవి వానకి ముందు కిందికి దిగుతాయో ఆవిడకి కంఠతా వచ్చు. మూడుంపావుకి పదో కర్ర దగ్గర పది నిమిషాలూ పూర్తయ్యాయి. మూడున్నరకి ఎండ పోయింది.

మొత్తం ఇరవైరెండు రకాలు, నాలుగొందల పన్నెండు తూనీగలు. సత్యవేణి రెండుసార్లు కూడి, కింద గీత గీసి, కాగితం భర్త చేతిలో పెట్టింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. ఆవిడ చీరకొంగు అందించి, ఇంటికెళ్ళాక ఏడవచ్చు గానీ ముందు పులిహోర తినమంది. ఆ పులిహోర ఇద్దరికని చేసింది, ముప్పైముగ్గురు తిన్నారు.

దోనె ఎక్కేటప్పుడు మధుబాబు పక్కకి పిలిచాడు. మొహంలో ఏదో వెలితి ఉంది.

"అది కాదండి," అన్నాడు, "పాపమ్మకి నాలుగొందల పన్నెండు రాశారు. మాది పద్నాలుగేనాండి?"

గడ్డి పీకకుండా, మందు తగ్గించి చూడమని, వచ్చే ఏడు తప్పకుండా పెరుగుతాయని పాండురంగారావు ధైర్యం చెప్పాడు. ఆ మాట విన్న అబ్బాయిరాజు తన మూడింటి గురించి ఏమీ అడగలేదు గానీ, దోనె కనుమరుగయ్యేదాకా ఒడ్డునే నిలబడి ఆలోచించాడు. మర్నాడు వాన పడింది. తెగిన గట్టు పక్కన పాపమ్మ ఇంటి చూరు కారుతోందని పొద్దున్న నలుగురు వెళ్ళి కొత్త తాటాకు కప్పారట. ఎవరు ముందు వెళ్ళారన్నది జోసెఫ్ కూడా చెప్పలేకపోయాడు.

థీసిస్ నెలాఖరున చేరింది. నాలుగు నెలల తర్వాత మౌఖిక పరీక్షకి బయటి రాష్ట్రం నుంచి వచ్చిన పెద్ద ప్రొఫెసరు అన్ని చాప్టర్లూ తిరగేసి నాలుగోదాని దగ్గర ఆగిపోయారు. చుట్టూ చేపల చెరువులే ఉన్న లంకలో, మిగిలిన ఆ కాస్త సహజమైన చిత్తడి నేలనే పట్టుకుని, పది నమూనా స్థలాలనీ ఒక్కటి కూడా తప్పకుండా అక్కడే ఎంచుకోవడం తన అనుభవంలో చూడలేదన్నారు. ఏ పద్ధతిలో ఎంపిక చేశారని అడిగారు. వెనక వరసలో కూర్చున్న సత్యవేణి ఊపిరి బిగబట్టింది. పాండురంగారావు నిలబడి, గొంతు సవరించుకుని, నూట ఏడో పేజీ చూడమన్నాడు.

అక్కడ ఒక్క వాక్యం ఉంది: "నమూనా స్థలాల ఎంపికలో స్థానికులందరూ ఒకరిని మించి ఒకరు సహకరించారు."